ఎగ్ పఫ్ నుంచి రాడార్ దాకా: బేకరీ మైక్రోవేవ్ అసలు కథ

ఈరోజు ఎపిసోడ్ హిస్టరీదే గానీ ఇందులో రాజులు, కోటలు ఏమీ ఉండవు. గజపతినగరం అనగానే గజపతుల దగ్గర్నుంచి మొదలుపెట్టమని చాలామంది అడుగుతున్నారు, అది ఇంకోసారి చేద్దాం. ఈసారి మన మెయిన్ రోడ్డు మీద, విజయనగరం నుంచి సాలూరు వైపు వెళ్ళే 26వ నంబర్ నేషనల్ హైవే పక్కన, బేకరీ కౌంటర్ మీద కూర్చున్న డబ్బా హిస్టరీ చెప్పుకుందాం. మైక్రోవేవ్ ఓవెన్.

పఫ్ వేడి చేసి ఇమ్మంటే అర నిమిషంలో ఇచ్చేస్తారు కదా, ఆ డబ్బా. దాని దగ్గర నిలబడే కుర్రాడికి పద్దెనిమిదో, ఇరవయ్యో ఉంటాయి. రోజుకి వందసార్లు ఆ తలుపు తీసి వేస్తుంటాడు. వాడికి దొరికిన ట్రైనింగ్ అంతా కలిపితే, ముందు పనిచేసినవాడు చూపించి వెళ్ళిన రెండు బటన్లు. మాన్యువల్ ఎప్పుడో ప్యాకింగ్ థర్మాకోల్‌తో పాటే చెత్తలోకి పోయింది.

అలాంటివాళ్ళ దగ్గర మాట కలిపితే ముందుగా వచ్చే డౌట్ ఒకటే. "అన్నా, దీని ముందల నిల్చుంటే కేన్సర్ వస్తాదేటి?" రేడియేషన్ అనే మాట అంత భయపెట్టేసింది. అదే మనిషి తలుపు కొక్కెం విరిగితే రబ్బరు బ్యాండు కట్టి నడిపించడానికి మాత్రం భయపడడు. వెనకాల కవర్ విప్పి ఫ్యాన్‌కి దుమ్ము తుడవడానికీ భయపడడు. భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట ఉంది. ఇలా ఎందుకు అయిందో తెలియాలంటే ఎనభై ఏళ్ళు వెనక్కి, యుద్ధం రోజుల్లోకి వెళ్ళాలి.

మన ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ "విశాఖపట్నం మీద బాంబులేసిన రోజులు" అంటారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద దాడి చేశాయి. పట్నం ఖాళీ చేసి జనం లోపలి ఊళ్ళకి వచ్చేశారు. అప్పట్లో ప్రపంచం మొత్తానికి ఒకటే సమస్య: మబ్బులోనో, చీకట్లోనో వచ్చే విమానాన్ని కంటికి కనబడకముందే పట్టుకోవడం ఎలా? దానికి జవాబు రాడార్. కానీ తొలి రాడార్లు పొడవాటి అలలతో పనిచేసేవి, వాటికి పెద్ద పెద్ద టవర్లు కావాలి. విమానంలో పట్టేంత చిన్న రాడార్ కావాలంటే కొన్ని సెంటీమీటర్ల పొడవున్న అలలు, అవీ మంచి పవర్‌తో పుట్టించాలి.

ఆ పని 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ రాండాల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు చేశారు. చిన్న రాగి దిమ్మలో గుండ్రటి గుంతలు తొలిచి, మధ్యలో ఎలక్ట్రాన్లు వదిలి, అయస్కాంతంతో వాటిని సుడి తిప్పారు. సుమారు 10 సెంటీమీటర్ల అలలు, వందల వాట్ల పవర్‌తో బయటికి వచ్చాయి. పేరు కేవిటీ మాగ్నెట్రాన్. బీటెక్‌లో ఈసీఈ చదివినవాళ్ళకి మైక్రోవేవ్ ఇంజినీరింగ్ సబ్జెక్టులో ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది, మధ్యలో చిల్లు, చుట్టూ పువ్వు రేకుల్లా గుంతలు. పరీక్షలో పది మార్కుల బొమ్మ అది! అదే ఏడాది సెప్టెంబర్‌లో బ్రిటన్ సైంటిస్టులు ఆ పరికరాన్ని ఓ నల్ల ఇనప్పెట్టెలో పెట్టి, ఓడలో అట్లాంటిక్ దాటించి అమెరికాకి అప్పజెప్పారు. టిజార్డ్ మిషన్ అంటారు దాన్ని. మీ బేకరీ మైక్రోవేవ్‌లో ఇప్పుడు హమ్మని మోగుతున్నది ఆ రాగి దిమ్మకి మనవడే.

ఇక అమెరికాలో రేథియాన్ అనే కంపెనీ. అందులో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజినీర్. చిన్నప్పుడే చదువు ఆగిపోయి, పని చేస్తూ నేర్చుకున్న మనిషి. యుద్ధంలో మాగ్నెట్రాన్ల తయారీని రోజుకి 2,600 దాకా తీసుకెళ్ళినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. 1945లో నడుస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే జేబులో చాక్లెట్ కరిగిపోయిందని కథ. అలా వేడెక్కడం అంతకుముందు మరికొందరూ గమనించారు. తేడా ఏంటంటే, స్పెన్సర్ ఆగి "ఎందుకు?" అని అడిగాడు. తర్వాత మొక్కజొన్న గింజలు తెప్పించాడు, పేలాలయ్యాయి. ఆ తర్వాత కోడిగుడ్డు పెట్టాడు. దగ్గరికొచ్చి వంగి చూస్తున్న ఇంకో ఇంజినీర్ మొహం మీద అది పేలిందని చెబుతారు.

ఈ గుడ్డు దగ్గర కాసేపు ఆగుదాం. బేకరీల్లో అసలైన పాఠం ఇక్కడే ఉంది.

మైక్రోవేవ్ అల ఆహారంలోకి కొన్ని సెంటీమీటర్లు దిగి నీటి అణువుల్ని అటూఇటూ తిప్పుతుంది, ఆ కదలికే వేడి. గుడ్డు పచ్చసొన చుట్టూ సన్నటి పొర ఉంటుంది, పైన తెల్లసొన మూత వేసినట్టు ఉంటుంది. లోపల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా ఆవిరికి దారి దొరకదు, బిగిసి కూర్చుంటుంది. ఎవరో స్పూన్‌తోనో పంటితోనో ఆ పొర తెంపగానే మొత్తం ఒక్కసారిగా ఆవిరై బయటికి దూకుతుంది. అమెరికాలో ఓ రెస్టారెంట్‌లో మైక్రోవేవ్ చేసిన ఉడికించిన గుడ్డు కస్టమర్ నోట్లో పేలిందని, కాలిందని, చెవి దెబ్బతిన్నదని కేసు పడింది. ఆ కేసు కోసం ఇద్దరు సౌండ్ ఇంజినీర్లు దాదాపు వంద గుడ్లు వేడిచేసి చూసి, 2017లో అమెరికా అకౌస్టికల్ సొసైటీ సమావేశంలో రిజల్ట్ చెప్పారు. పేలిన గుడ్డు శబ్దం ఓ అడుగు దూరంలో 86 నుంచి 133 డెసిబెల్స్. చెవి పోయేంత శబ్దం చాలా అరుదే గానీ, పచ్చసొన చుట్టూ ఉన్న నీళ్ళకంటే ఎక్కువ వేడిగా ఉందని తేలింది. ఓవెన్‌లో పేలనివి కూడా బయటికి తీసి గుచ్చగానే పేలాయి, సమస్య అక్కడే.

ఇప్పుడు మన కౌంటర్‌కి రండి. ఎగ్ పఫ్‌లో ఉండేది సగం గుడ్డు, కోసేసింది కాబట్టి ఆవిరికి దారి ఉంటుంది. గోలంతా పార్సిల్ ఎగ్ బిర్యానీతో. అడుగున నిండు గుడ్డు దాక్కుని ఉంటుంది, కస్టమర్ "వేడి చేసివ్వు తమ్ముడూ" అంటాడు, కుర్రాడు డబ్బా డబ్బాగా లోపల పెట్టేస్తాడు. మన ఇళ్ళలో దీనికి మందు ఎప్పట్నుంచో ఉంది చూడండి. గుడ్డు వేపుడుకీ పులుసుకీ అమ్మ గుడ్డుకి నాలుగు వైపులా గాట్లు పెడుతుంది. మిరపకాయ బజ్జీకి కాయని చీల్చి గానీ నూనెలో వెయ్యదు. రుచి పడుతుందని చెబుతారు, నిజమే, దాంతో పాటు నూనెలో పేలకుండా ఉంటుంది. మైక్రోవేవ్‌కీ అదే రూల్. నిండు గుడ్డుంటే బయటికి తీసి, మధ్యకి కోసి, అప్పుడు పెట్టాలి. తీసిన తర్వాత నిమిషం ఆగి ఇవ్వాలి.

రేథియాన్ ఆ గుడ్డు పేలుడు చూసి వెనక్కి తగ్గలేదు. 1945 అక్టోబర్ 8న స్పెన్సర్ పేరు మీద పేటెంట్ దరఖాస్తు చేసింది, 1950 జనవరిలో వచ్చింది. మొదటి మైక్రోవేవ్ 1947లో మార్కెట్లోకి దిగింది, పేరు రాడారేంజ్. ఎత్తు మనిషంత, 1.8 మీటర్లు. బరువు దాదాపు 340 కేజీలు, ధర సుమారు 5,000 డాలర్లు. మాగ్నెట్రాన్‌ని చల్లబరచడానికి నీళ్ళ పైపు కనెక్షన్ ఇవ్వాలి. ఇంట్లో ఎవరు కొంటారు దాన్ని? హోటళ్ళు, ఓడల వంటశాలలు, క్యాంటీన్లు కొన్నాయి. అంటే ఈ యంత్రం పుట్టడమే కమర్షియల్‌గా పుట్టింది. ఇళ్ళకి 1955లో ట్యాపన్ కంపెనీ మోడల్ 1,295 డాలర్లకి వచ్చినా పెద్దగా అమ్ముడుపోలేదు. 1967లో అమానా 495 డాలర్లకి చిన్న కౌంటర్‌టాప్ మోడల్ తెచ్చాకే వంటింట్లోకి అడుగుపెట్టింది. జపాన్‌లో షార్ప్ 1966లో తిరిగే పళ్ళెం పెట్టింది. మన ఇళ్ళలోకి దాదాపు తొంభైల తర్వాతే.

ఈ వరస ఎందుకు చెప్పానంటే, చిన్న ఊళ్ళలో ఇది తలకిందులైంది. ఇంటి కోసం చేసిన ఓవెన్‌ని ఆఫర్‌లో కొని బేకరీలో పెట్టేస్తున్నారు. ఇంటి మోడల్‌లో సాధారణంగా ఒకే మాగ్నెట్రాన్, 700 నుంచి 900 వాట్ల అవుట్‌పుట్. రోజుకి పదిసార్లు వాడతారన్న లెక్కతో చేసిన తలుపు, స్విచ్‌లు. కమర్షియల్ మోడల్‌లో 1,000 వాట్లనుంచి మొదలై, పెద్దవాటిలో రెండేసి మాగ్నెట్రాన్లు ఉంటాయి. లోపలంతా స్టెయిన్‌లెస్ స్టీలు, చాలావాటిలో తిరిగే పళ్ళెం ఉండదు, పైనో కిందో దాక్కున్న యాంటెన్నా తిరుగుతుంది. గాలి లాగే చోట కడగడానికి వీలైన ఫిల్టర్ ఉంటుంది. రెండింటి సేఫ్టీ స్టాండర్డ్‌లు కూడా వేరు: అంతర్జాతీయంగా ఇంటి ఓవెన్‌కి ఐఈసీ 60335లో భాగం 2-25, కమర్షియల్‌కి 2-90. మన దేశంలో మైక్రోవేవ్ ఓవెన్లని 2012లో తప్పనిసరి రిజిస్ట్రేషన్ లిస్టులో పెట్టారు, కాబట్టి వెనకాల స్టిక్కర్ మీద బీఐఎస్ గుర్తు, రిజిస్ట్రేషన్ నంబర్ చూసి కొనండి. "హౌస్‌హోల్డ్ యూజ్ ఓన్లీ" అని రాసి ఉన్నదాన్ని షాపులో నడిపితే వారంటీ పోవడం అటుంచండి, ముందుగా అరిగిపోయేది తలుపు. ఆ తలుపు సంగతికే వస్తున్నా.

దానికి ముందు చిన్న పక్కదారి, మన తీరంది కాబట్టి. 1970లో భారత వాతావరణ శాఖ దేశంలో తొలి తుఫాను రాడార్‌ని పెట్టింది ఎక్కడో తెలుసా? మన విశాఖపట్నంలో. దాని అల పొడవు 10 సెంటీమీటర్లు. బేకరీ ఓవెన్ అల 12.2 సెంటీమీటర్లు. అన్నదమ్ముల పిల్లలే! ఒకటి బంగాళాఖాతంలో వాన చినుకుల్ని తట్టి వెనక్కొచ్చి తుఫాను ఎక్కడుందో చెబుతుంది, ఇంకోటి పఫ్‌లో నీటిని తట్టి అక్కడే వేడిగా మారిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన జిల్లాల్లో జనం ఎటు కదలాలో ముందే తెలిసిందంటే అందులో ఈ కుటుంబం చేసిన పని ఉంది. రేడియేషన్ అనే ఒక్క మాటతో దీన్ని ఎక్స్‌రేతో, అణుబాంబుతో కలిపేసి భయపడేవాళ్ళకి ఇది చెప్పండి. మైక్రోవేవ్‌కి అణువుని ముక్కలు చేసే శక్తి లేదు, వేడి చేసే శక్తే ఉంది. మీ వైఫై రూటర్ కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ వీధిలోనే ఉంటుంది, అందుకే ఓవెన్ నడుస్తుంటే కొన్నిచోట్ల వైఫై నత్తలా పాకుతుంది. తేడా పవర్‌లో ఉంది. రూటర్‌ది వాట్‌లో పదో వంతు, ఓవెన్‌ది వెయ్యి వాట్లు. ఆ వెయ్యి వాట్లు డబ్బాలో ఉన్నంతసేపే క్షేమం.

ఉంచేది తలుపు.

తలుపు అద్దంలో సన్నటి చిల్లులున్న ఇనప రేకు కనిపిస్తుంది కదా, దాన్ని భీమిలి జాలరి వల అనుకోండి. చేప కంటే కన్ను చిన్నదైతే చేప దాటలేదు. ఇక్కడ చేప 12 సెంటీమీటర్లు, కన్ను మిల్లీమీటరో రెండో. వెలుతురు మాత్రం ఆ చిల్లుల కంటే ఎన్నో రెట్లు చిన్న అల, అందుకే మనకి పఫ్ కనిపిస్తుంది. తలుపు అంచు చుట్టూ కూడా లోపల ఓ గాడి ఉంటుంది, సందులోంచి జారబోయే అలని తిరిగి లోపలికే కొట్టేలా సరిగ్గా ఆ అల కొలతకి చేసినది. తలుపు వంగినా, అంచు మీద నూనె, జున్ను పేరుకుపోయి సందు పెరిగినా ఆ లెక్క తప్పుతుంది.

1960ల చివర్లో అమెరికాలో వాడకంలో ఉన్న ఓవెన్లని కొలిచి చూస్తే, కొన్నిటి తలుపుల దగ్గర లీకేజీ మోతాదు మించి కనిపించింది. 1968లో రేడియేషన్ నియంత్రణ చట్టం వచ్చింది, దాని కింద 1971 అక్టోబర్ నుంచి తయారయ్యే ప్రతి ఓవెన్‌కి ఓ నియమం పెట్టారు. తలుపుకి 5 సెంటీమీటర్ల దూరంలో, ఫ్యాక్టరీలో కొత్తగా ఉన్నప్పుడు చదరపు సెంటీమీటర్‌కి 1 మిల్లీవాట్, జీవితకాలం మొత్తంలో 5 మిల్లీవాట్లు మించకూడదు. ఇంకా ముఖ్యమైనది రెండో భాగం. తలుపుకి కనీసం రెండు ఇంటర్‌లాక్ స్విచ్‌లుండాలి, అందులో ఒకటి వేలు పెట్టినా అందనంత లోపల ఉండాలి. ఆ స్విచ్‌లు ఫెయిలయ్యాయేమో కనిపెట్టడానికి ఇంకో కాపలా కూడా ఉండాలి.

నేను సాఫ్ట్‌వేర్ వైపునుంచి వచ్చాను కాబట్టి ఈ డిజైన్ చూస్తే ముచ్చటేస్తుంది. పాత కోడ్‌లో అర్థం కాని ఇఫ్ కండిషన్ ఒకటి కనిపిస్తే, సీనియర్లు "తియ్యకు బాబూ, ఎప్పుడో ప్రొడక్షన్‌లో ఏదో జరిగాకే పెట్టుంటారు" అంటారు. ఇదీ అలాంటిదే. చాలా ఓవెన్లలో ఆ కాపలా స్విచ్ పనిచేసే తీరు చూడండి: తలుపు తెరిచినా మెయిన్ స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోయి కరెంటు ఆగకపోతే, అది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజ్ పేల్చేస్తుంది. యంత్రం తనని తానే చంపుకుంటుంది, ఎదుటి మనిషిని కాపాడటానికి.

ఇప్పుడు మన దగ్గర జరిగేది ఏంటి? తలుపు తియ్యగానే ఫ్యూజ్ పోయింది. కొత్తది వేస్తే మళ్ళీ పోయింది. ఎవరో వచ్చి "ఈ ఫ్యూజులు నిలబడట్లేదండీ" అని రాగి తీగ చుట్టేసి, వంద తీసుకుని వెళ్ళిపోతారు. ఓవెన్ బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇంటి ఫ్యూజ్ క్యారియర్‌కి తీగ చుట్టే అలవాటు మనది, అది ఇక్కడికీ వచ్చేసింది. కానీ ఇక్కడ ఆ తీగతో యాభై ఏళ్ళ కిందట చట్టం పెట్టించిన కాపలా మొత్తం పోయింది. కొక్కెం విరిగితే స్విచ్‌లోకి పుల్ల దూర్చడం కూడా అంతే. తలుపు తెరిచి ఉండగా మాగ్నెట్రాన్ నడిస్తే ముందుగా దెబ్బతినేది చెయ్యి, కన్ను. కంటి కటకంలో రక్తప్రసరణ ఉండదు, వేడిని మోసుకెళ్ళే దారి లేదు. కాబట్టి షాపులో పెద్దవాళ్ళు గట్టిగా పెట్టుకోవాల్సిన నియమం ఇది: తలుపు సరిగ్గా మూసుకోకపోయినా, వంగినా, అద్దం పగిలినా, ఫ్యూజ్ రెండోసారి పోయినా, ఆ రోజుకి ఆ ఓవెన్ బంద్. ప్లగ్ తీసి, పైన కాగితం అంటించి, కంపెనీ సర్వీస్ వాళ్ళని పిలవాలి. పఫ్ చల్లగా తిన్నా ఎవరూ చావరు.

రోజూ చెయ్యాల్సింది తేలిక. తలుపు పిడికి తడి గుడ్డ వేలాడదీయకూడదు, అది సందులో ఇరుక్కుంటుంది. తెరిచిన తలుపు మీద ట్రే ఆనించకూడదు. ఆపాలంటే స్టాప్ నొక్కాలి, నడుస్తుండగా తలుపు లాగడం ఆ స్విచ్‌లని ముందే అరగ్గొడుతుంది. రాత్రి మూసేముందు అంచులు సబ్బు నీళ్ళలో పిండిన గుడ్డతో తుడవాలి, పీచుతో గోకకూడదు.

అన్నట్టు, ఓ రీల్ తిరుగుతోంది: ఫోన్‌ని ఓవెన్‌లో పెట్టి కాల్ చేస్తే రింగయితే లీకవుతున్నట్టే అని. నమ్మకండి. తలుపు అంచు గాడి 2.45 గిగాహెర్ట్జ్ కొలతకి చేసింది, ఫోన్ టవర్లవి వేరే ఫ్రీక్వెన్సీలు. పైగా సిగ్నల్ లక్షో వంతుకి తగ్గినా ఫోన్ పట్టుకోగలదు, దాని చెవి అంత పాముచెవి. మంచి ఓవెన్‌లోనూ రింగవుతుంది. లీకేజీ కొలవాలంటే దానికి మీటర్ ఉంటుంది, సర్వీస్ వాళ్ళ దగ్గర అడగండి. ఇక ఫోన్ లోపల ఉండగా ఎవడైనా స్టార్ట్ నొక్కితే బ్యాటరీ అంటుకుంటుంది. 2014 సెప్టెంబర్‌లో ఐఫోన్ కొత్త అప్‌డేట్‌తో మైక్రోవేవ్‌లో ఛార్జింగ్ అవుతుందని ఇంటర్నెట్‌లో ఓ దొంగ యాడ్ వదిలారు, పోలీసులు కూడా నమ్మొద్దని చెప్పాల్సి వచ్చింది. నవ్వొస్తుంది గానీ, అందంగా డిజైన్ చేసిన పోస్టర్‌ని ఎవరు నమ్మరు చెప్పండి?

ఇక డబ్బా వెనక కవర్. ఈ యంత్రంలో మనిషిని నిలువునా చంపగలిగేది ఒకటుంది, దాన్ని ఎవరూ రేడియేషన్ అనరు. మాగ్నెట్రాన్‌కి వేల వోల్టులు కావాలి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన 230ని సుమారు 2,000 వోల్టులకి పెంచుతుంది, కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని ఇంకా పైకి, 4,000 దగ్గరకి తీసుకెళతాయి. ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలే ఉంటుంది. దాన్ని నెమ్మదిగా ఖాళీ చేసే రెసిస్టర్ ఒకటి లోపల ఉంటుంది గానీ, అది పాడైతే బయటికి తెలియదు. టీవీలు, మిక్సీలు బాగుచేసే చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా ఇక్కడ ఆగాలి. మిక్సీ తప్పు చేస్తే జిల్లుమంటుంది, ఇది రెండో ఛాన్స్ ఇవ్వదు.

యూట్యూబ్‌లో పాత మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ పీకి చెక్క మీద మెరుపు డిజైన్లు కాల్చే వీడియోలు చూసే ఉంటారు. అమెరికాలో అలా చేస్తూ చాలామంది చనిపోయారు. అక్కడి వుడ్‌టర్నర్ల అసోసియేషన్ తమ ప్రోగ్రాముల్లో ఆ పనిని నిషేధించింది. వ్యూస్ కోసం నన్ను కూడా అది చెయ్యమని కామెంట్లు పెడుతున్నారు. చెయ్యను.

వేడి సంగతికి వస్తే. డబ్బాలో అలలు గోడల మీద కొట్టుకుని, ఒకచోట కూడి, ఒకచోట రద్దయిపోతుంటాయి. ఇంట్లో తిరిగే పళ్ళెం తీసేసి, పెద్ద అప్పడం పెట్టి చూడండి, అక్కడక్కడ పొంగి, మధ్యమధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. పొంగిన మచ్చకీ పక్క మచ్చకీ మధ్య దూరం దాదాపు 6 సెంటీమీటర్లు, అంటే సగం అల. (కాసేపే పెట్టండి, నల్లబడే దాకా కాదు.) తిరిగే పళ్ళెం, తిరిగే యాంటెన్నా ఈ మచ్చల్ని చెరపడానికే వచ్చాయి, పూర్తిగా చెరపలేవు.

దీని వల్ల నష్టపోయేది చికెన్ బిర్యానీ తిన్నవాడు. అంచుల్లో నాలుక కాలుతుంది, మధ్యలో ముక్క ఫ్రిజ్ చల్లదనంతోనే ఉంటుంది, బ్యాక్టీరియాకి అక్కడ పండగ. మళ్ళీ వేడి చేసిన ఆహారం లోపలి దాకా 75 డిగ్రీలకి వెళ్ళి కనీసం 2 నిమిషాలు ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ తనిఖీ లిస్టు చెబుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే గుచ్చే థర్మామీటర్ ఒకటి కొంటే పని తేలికవుతుంది. పళ్ళెంలో గుట్టగా కాకుండా పరిచి, సగం టైముకి ఆపి, కలిపి, మళ్ళీ పెట్టి, తీశాక కాసేపు ఆగాలి. ఇంకో సంగతి: సాయంత్రం లోడ్ ఎక్కువై వోల్టేజ్ పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ రకం ఓవెన్‌లో పవర్ బాగా తగ్గిపోతుంది. బటన్ అదే, సెకన్లు అవే, వేడి మాత్రం సగం. లైట్లు మందగించిన వేళ టైమర్‌ని నమ్మకుండా లోపలి వేడి చూడండి.

గిన్నెల దగ్గర మన పార్సిల్ సంస్కృతే పెద్ద తలనొప్పి. సాంబారు పలచటి కవర్‌లో పోసి, మెడ బిగించి, దారం చుట్టి ఇస్తారు. దాన్ని అలాగే లోపల పెడితే ఆవిరికి దారి లేక గుడ్డు కథే మళ్ళీ. నూనె, పంచదార ఉన్నవి 100 డిగ్రీలు సులువుగా దాటేస్తాయి, కవర్ కరిగి కూరలో కలుస్తుంది. పింగాణీ, వేడికి తట్టుకునే గాజు, మైక్రోవేవ్ సేఫ్ అని రాసి ఉన్న గట్టి డబ్బా, అదీ మూత వదులు చేసి. స్టీలు టిఫిన్ డబ్బాలో అల లోపలికే పోదు, అంచుల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి. బంగారు, వెండి గీతలున్న కప్పులు, స్టేపుల్ పిన్ను ఉన్న కాగితం సంచి కూడా అంతే. టీ కోసం నున్నటి గ్లాసులో నీళ్ళు ఎక్కువసేపు పెడితే ఇంకో చిక్కు: బుడగ పుట్టడానికి గరుకు చోటు దొరక్క, 100 దాటినా నిశ్శబ్దంగా ఉంటాయి. స్పూనో, టీ బ్యాగో తగలగానే మొహం మీదికి పొంగుతాయి. ముందే ఓ చెక్క పుల్ల వెయ్యండి, ఆగాక అర నిమిషం తలుపు ముట్టుకోకండి.

ఖాళీగా నడపకూడదని ఎందుకంటారంటే, తాగేవాడు లేని అల తిరిగి మాగ్నెట్రాన్ మీదికే పోతుంది, అదే వేడెక్కి పాడవుతుంది. తొలి రోజుల్లో అందుకే దానికి నీళ్ళ పైపు పెట్టారు, ఇప్పుడు ఆ పని గాలి చేస్తోంది. ఆ గాలిని మన షాపుల్లో రెండు వైపులా మూసేస్తాం. వెనక గోడకి ఆనించి, పైన బ్రెడ్ ట్రేలు పేర్చి, పక్కన పిండి బస్తా. మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ చుట్టూ వదలండి. ఫిల్టర్‌ని వారానికోసారి తీసి సబ్బు నీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. లోపల శుభ్రానికి కప్పు నీళ్ళలో నిమ్మచెక్క పిండి మూడు నిమిషాలు వేడి చేసి, కాసేపు మూసి ఉంచి తుడిస్తే చాలు. చిందిన కూర ఎండిపోయి నల్లబడితే అది కూడా అలని తాగి అంటుకుంటుంది. అప్పుడు మంట కనబడితే తలుపు తియ్యకండి. గాలి అందక అదే ఆరుతుంది, మీరు గోడ స్విచ్ ఆపండి చాలు. అందుకే ఆ స్విచ్ ఓవెన్ వెనక కాకుండా చేతికి అందే చోట ఉండాలి. వెయ్యి వాట్ల అవుట్‌పుట్ ఓవెన్ లైన్‌లోంచి 1,500 వాట్ల పైనే లాగుతుంది, 16 ఆంప్స్ సాకెట్, ఎర్త్ తప్పనిసరి. రెండు మాగ్నెట్రాన్లదైతే విడిగా లైన్ వేయించండి. ఫ్రిజ్, ఓవెన్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టిన షాపుల్లో ఆ వైరు మీద చెయ్యి వేసి చూడండి, వెచ్చగా ఉంటుంది.

చివరగా ఓవెన్ పోయాక. పాత ఇనుము కొట్టుకి వేస్తే రాగి కోసం పగలగొట్టేస్తారు. కెపాసిటర్‌లో చార్జ్ సంగతి చెప్పాను. కొన్ని మాగ్నెట్రాన్లలో గులాబీ రంగో తెలుపో ఉండే పింగాణీ ముక్క బెరీలియం ఆక్సైడ్‌తో చేసి ఉండొచ్చు, పగిలి పొడి అయితే ఊపిరితిత్తులకి విషం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం రీసైక్లింగ్ లక్ష్యాలు నెరవేర్చే బాధ్యత తయారీ కంపెనీదే. కొత్తది కొనేటప్పుడే డీలర్‌ని "పాతది తీసుకెళతారా?" అని అడగండి, బేరం ఆడే సమయం అదే.

వచ్చే ఎపిసోడ్‌లో మీరడిగిన గజపతులు. ఉంటాను.